గంగవ్వ మంచమెక్కిన పెట్టె

ఆ ఆదివారం పొద్దున పండరి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఉప్మా తినాలి. తొమ్మిదింటికల్లా కొత్త సబ్‌వూఫర్‌కు ఇంట్లో సరైన చోటు వెతకాలి. పదింటికి తల్లి గంగవ్వను కూర్చోబెట్టి కేసెట్టు వినిపించాలి. పదకొండింటికి తన గడప ముందు ముప్పై జతల చెప్పులు ఉంటాయని ఆయనకు కలలో కూడా తోచలేదు.

అది రెండువేల మూడో సంవత్సరం. పండరి బాన్సువాడలో ఒక ఆఫీసు గుమాస్తా. మనిషి నెమ్మది, పని నెమ్మది, సంగీతం విషయంలో మాత్రం మహా తిక్క. హైదరాబాదు వెళ్ళినప్పుడు పుస్తకాల అరలో పట్టేంత చిన్న స్పీకర్లు రెండు కొనుక్కొచ్చి, నిజంగానే పుస్తకాల అరలోనే పెట్టాడు. బుడ్డవే గానీ గొంతు మంచిది. పాడేవాళ్ళు పక్క గదిలో ఉన్నారా అన్నట్టు పలికేవి.

చిక్కంతా ఒక్క కేసెట్టుతో వచ్చింది. పండరి తండ్రి ముత్యం నలభై ఏళ్ళు భజన మేళంలో మద్దెల వాయించినవాడు. ఆయన ఎడమచేతి దెబ్బ పడితే వినేవాళ్ళ కడుపులో కదిలేదని చెప్పుకునేవారు. పోయిన వానాకాలంలో ఆయన కాలం చేశాడు. మిగిలింది ఏడేళ్ళ కిందట బీర్కూర్ సప్తాహంలో ఎవరో రికార్డు చేసిన భజన కేసెట్టు ఒక్కటే. అప్పుడు పండరి పరీక్షల కోసం నిజామాబాదులో ఉన్నాడు, భజనకు వెళ్ళలేదు. ఆ దిగులు ఆయనకు ఇప్పటికీ ఉంది.

గంగవ్వ రోజూ సాయంత్రం ఆ కేసెట్టు పెట్టించుకుని, పీట జరుపుకుని, కుడివైపు స్పీకరుకు చెవి ఆనించి కూర్చునేది. చూస్తుంటే పండరికి జాలేసేది. చిన్న స్పీకర్లలో మద్దెల లోతు పలకదు. డబ్బా మీద వేళ్ళు ఆడించినట్టు టకటకమంటుంది, అంతే. పాపం, అవ్వ నాయిన ఎడమచెయ్యి కోసం వెతుక్కుంటోంది, దొరకడం లేదు అని తేల్చేసుకున్నాడు. ఔనా కాదా అని తల్లిని అడగలేదు. అడిగితే ఆమె ఏడుస్తుందేమోనని భయం. గురువారం తండ్రి సంవత్సరీకం. ఆ లోపల ఆ ఎడమచేతి దెబ్బను తల్లికి వినిపించాలి. ఆయనకు వేరే ధ్యాసే లేకుండా పోయింది.

దానికి మందు సబ్‌వూఫర్ అని ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివాడు. మద్దెల ఎడమ దెబ్బ లాంటి లోతు శబ్దాలు మాత్రమే పలికే పెట్టె అది. శనివారం సాయంత్రం లింగం దుకాణానికి వెళ్ళాడు. లింగం పెళ్ళిళ్ళకు మైకులు కట్టే మనిషి. శబ్దం గురించి అతనికి తెలిసిన కొలత ఒక్కటే, దూరం.

"అన్నా, గీ పన్నెండించులది తీస్కపో. పెండ్లిల పెడితె బిచ్కుంద దాక ఇనబడ్తది."

"బిచ్కుందోళ్ళకు ఎందుకు లింగం? మా అవ్వకు ఇనబడితె సాలు."

"చిన్నదాంట్ల మజా ఉండదన్నా."

"నా స్పీకర్లు గింతంత ఉన్నయి. వాటి నడుమ గిది పెడితె, పిల్లగాండ్లు ముచ్చట పెడుతుంటె పహిల్వాన్ వచ్చి కూసున్నట్టయితది. వాటి గొంతు ఏడ ఆగుతదో ఆడికెల్లి అందుకోవాలె, గంతె. సప్పుడు ఏడికెల్లి వస్తుందో తెల్వనే తెల్వద్దు."

ఎక్కడినుంచి మోగుతోందో తెలియని పెట్టె కావాలని అడిగిన గిరాకీని లింగం తన జన్మలో చూడలేదు. పాపం తండ్రి పోయినవాడు, ఏదో అయింది అనుకున్నాడు. మూలన పడి ఉన్న ఎనిమిదించుల పెట్టె దులిపి ఇస్తూ, "రెండు దినాలు పెట్టుకొని చూడు. నచ్చకుంటె వాపస్ తే. గీత పడొద్దు మల్ల" అన్నాడు.

ఇక చోటు వెతకడం. దానికీ పత్రికలో ఒక కిటుకు ఉంది. వినే మనిషి కూర్చునే చోట పెట్టెను పెట్టాలి. మోగించి, తాను గదంతా నేల మీద పాకుతూ వినాలి. ఎక్కడ చప్పుడు తేటగా, కుదురుగా వినిపిస్తే అక్కడ తర్వాత పెట్టెను పెట్టాలి. గంగవ్వను కూర్చోబెట్టాలనుకున్నది మంచం మీద. కాబట్టి పెట్టె మంచం ఎక్కింది, గంగవ్వ చిక్కుడుకాయలు తెంపడానికి పెరట్లోకి వెళ్ళింది. గీత పడకుండా పండరి భార్య శ్రీలత పెట్టె మీదుగా మంచం నిండా తెల్ల దుప్పటి కప్పింది. పండరి కేసెట్టు పెట్టి, చిన్న స్పీకర్లు ఆపేసి, పెట్టెను మాత్రం మోగనిచ్చి, లుంగీ ఎగగట్టి, చెవి నేలకు దగ్గరగా పెట్టి పాకడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి సమ్మవ్వ తోడుకు పెరుగు అడగడానికి వచ్చింది. వచ్చి చూస్తే పండరి బీరువా కింద తల పెట్టి ఉన్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్ పండరీ?"

"ఉండక్కా. గీడనే ఏడనో ఉంటది."

సమ్మవ్వ శ్రీలత వైపు చూసింది. ఎడమ చెవి బోసిగా ఉంది. కమ్మ లేదు. అంతే, ఆమెకు సంగతంతా అర్థమైపోయింది. ఆ గల్లీలో ఒక కట్టుబాటు ఉంది. బంగారం పోతే దాని పేరు ఎత్తకూడదు. ఎత్తితే అది ఇక దొరకదు. ఏం పోయింది, ఎంత తూకం అని అడగకుండా నోరు మూసుకుని వెతకాలి. సమ్మవ్వ శ్రీలతకు పెదాల మీద వేలు పెట్టి చూపించి, కొంగు నడుముకు చుట్టి, నేల మీదికి వంగింది. చప్పుడు చేయొద్దంటోంది కాబోలు అనుకుని శ్రీలత మాట్లాడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పండరి తల తిప్పి చూసి పొంగిపోయాడు. తన బాధ అర్థం చేసుకున్న మనిషి గల్లీలో ఒక్కరైనా ఉన్నారు!

"గీ మూలకు ఎట్లుందక్కా?"

"ఈడ లేదు పండరీ."

"ఔ, ఈడ అస్సల్ లేదు. కిటికీ దిక్కు?"

"ఆడ జర సూస్త."

సమ్మవ్వ కిటికీలోంచి ఎదురింటివాళ్ళకు సైగ చేసింది. వాళ్ళు ఇంకొకరికి చేశారు. అడగకూడదు కదా, ఎవరూ అడగలేదు. ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నేల మీద చేతులు ఆనించి పాకసాగారు. దూరంగా ఎవరో దంచుతున్నట్టు వినబడుతున్న చప్పుడును ఎవరూ పట్టించుకోలేదు. చాప ఎత్తారు, బియ్యం బస్తా కదిపారు, పొయ్యిలో బూడిద కూడా జల్లించారు. ఇంతమందికి ఇంత శ్రద్ధ ఎందుకు పుట్టిందో పండరికి అంతుబట్టలేదు గానీ, ఆనందంలో ఆరా తీయలేదు. ప్రార్థన ముగించుకుని చర్చి నుంచి వస్తున్న అరుణమ్మ గుమ్మంలో ఆగి చూసింది. పదిహేను మంది మోకాళ్ళ మీద, తలలు వంచుకుని, మాటా పలుకూ లేకుండా ఉన్నారు. ఎవరి కోసమో తర్వాత తెలుసుకోవచ్చు, ముందు పుణ్యకార్యం అనుకుని ఆమె కూడా మోకాళ్ళూని కళ్ళు మూసుకుంది.

అప్పుడు వచ్చాడు వెంకట్రాములు. ముత్యంతో పాటు భజనల్లో పాడి వాయించిన పాత నేస్తం. గడప ముందు చెప్పుల గుట్ట చూసి ఆయన గబగబా లోపలికి వచ్చాడు. లోపల ఆడవాళ్ళు తలలు వంచుకున్నారు, అరుణమ్మ ప్రార్థన చేస్తోంది, గంగవ్వ మంచం మీద ఈ చివర నుంచి ఆ చివరకు తెల్ల దుప్పటి. గంగవ్వ మాత్రం ఎక్కడా లేదు.

"వదినే! నాకొక్క మాటన్న సెప్పకుండ పోతివా వదినే!"

ఆయన మంచం మీద వాలిపోయి దుప్పటిని కావలించుకున్నాడు. కేసెట్టులో ఒక పాట ముగిసి రెండోది మొదలయ్యే సందు అది. చిన్న స్పీకర్లు ఆపేసి ఉన్నాయి కాబట్టి పాట లేదు, తాళం లేదు. దుప్పటి కింద నుంచి ఒక్క దెబ్బ పడింది. కాసేపు ఆగి ఇంకొకటి.

వెంకట్రాములు చెవి ఆనించాడు. ఆయన కళ్ళు ఇంతింతలయ్యాయి.

"కొట్టుకుంటున్నది! గుండె కొట్టుకుంటున్నదిర్రో! ఆటో పిలువుండ్రి! దవాఖానకు తీస్కపోదాం!"

బీరువా కింద పండరి తల ఠంగుమని తగిలింది. ఆయన బయటపడేలోగా నలుగురు మంచం కోళ్ళు పట్టి లేపేశారు. వీధిలో ఉన్నవాళ్ళు లోపలికి దూకారు. ఎవరో ఏడుపు అందుకున్నారు కూడా. మంచం సగం గుమ్మం దాటింది.

"నా మంచం ఏడికి తీస్కపోతుండ్రు?"

పెరటి తలుపు దగ్గర, ఒడి నిండా చిక్కుడుకాయలతో గంగవ్వ నిలబడి ఉంది.

ఆ తర్వాత అక్కడ జరిగిన గందరగోళం చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. మంచం దిగింది. దుప్పటి తీశారు. నల్ల పెట్టె మరో రెండు దెబ్బలు కొట్టి ఊరుకుంది. వెంకట్రాములు గంగవ్వ చేతులు పట్టుకుని మళ్ళీ ఏడ్చాడు, ఈసారి సంతోషంతో. సమ్మవ్వ మాత్రం ఒప్పుకోలేదు.

"మరి కమ్మ సంగతేంది?"

"ఏం కమ్మ?" అంది శ్రీలత. "మర ఊడితె నిన్ననే బాగు చెయ్యనీకి అవుసలోళ్లకు ఇచ్చిన."

గదంతా గొల్లున నవ్వింది. అరుణమ్మ కళ్ళు తెరిచి, "అంటే ఎవ్వరికేం కాలేదా? దేవునికి స్తోత్రం" అంది. గంగవ్వ అందరినీ కలియజూసి, "నేను పోతె గింతమంది వస్తరన్న మాట. మంచిదే. శ్రీలతా, అందరికి ఛాయ్ పెట్టు బిడ్డా" అంది.

ఇంత అయ్యాక దాచడానికి ఏముంది? పండరి సిగ్గుపడుతూ అందరికీ చెప్పాడు. నాయిన ఎడమచెయ్యి అవ్వకు వినిపించాలనే ఇదంతా అన్నాడు. నవ్వుతున్నవాళ్ళు నవ్వు ఆపారు. "అయితె పెట్టు బిడ్డా, అందరం ఇంటం" అంది సమ్మవ్వ. పెట్టెకు చోటు అప్పటికే దొరికింది, పుస్తకాల అర పక్కన బియ్యం బస్తాకు ఆనుకుని. పండరి తల్లిని మంచం మీద కూర్చోబెట్టాడు. చిన్న స్పీకర్లు కూడా కలిపి మొదటినుంచీ పెట్టాడు.

మద్దెల పలికింది. ఎంత బాగా పలికిందంటే, పెట్టెలోంచి కాదు, గది నడుమ ఒక మనిషి కూర్చుని వాయిస్తున్నట్టు పలికింది. ఎడమచేతి దెబ్బ పడ్డప్పుడల్లా బండల మీద కూర్చున్నవాళ్ళకు ఒంట్లో కదిలింది. పండరి తల్లి మొహంలోకే చూస్తున్నాడు.

గంగవ్వ కాసేపు విన్నది. తర్వాత లేచింది. మెల్లగా వెళ్ళి కుడివైపు స్పీకరుకు చెవి ఆనించింది. ఆమె మొహం చిన్నబోయింది.

"పండరీ, జర గా మద్దెల ఆపు బిడ్డా. మీ నాయిన ఇనబడ్తలేడు."

"నాయిన... మద్దెల కదవ్వా?"

"ఏడిది? గా సప్తాహం వారమే చెరుకు బండి కాడ చెయ్యి నలిగి ఎడమ చేతికి కట్టు కట్టిండు. మద్దెల వెంకట్రాములుకు ఇచ్చి, తాళాలు పట్టిండు. నువ్వు నిజామాబాదుల ఉంటివి. సెప్తె పరీక్ష ఇడిసిపెట్టి వస్తవని సెప్పొద్దన్నడు."

అందరూ వెంకట్రాములు వైపు తిరిగారు. ఆయన పంచె అంచు సవరించుకుంటూ, "నేనే. అప్పట్ల జర మంచిగనే వాయిస్తుంటి" అన్నాడు.

పండరి పెట్టె ఆపాడు. చిన్న స్పీకర్లలో పాట సన్నగా నడిచింది. ఆ పాట కింద, ఇన్నాళ్ళూ తాను ఒక్కసారి కూడా చెవి పెట్టని తాళాలు ఛింగుఛింగుమంటున్నాయి. ప్రతి దెబ్బా రవ్వంత ఆలస్యంగా పడుతోంది.

"సూడు, ఎట్ల ఆగి పడుతుందో. చెయ్యి నొస్తుంది ఆయనకు" అంది గంగవ్వ. "అయినా లేవలేదు. తెల్లారిందాక కూసున్నడు."

"మరి ముందుగాల ఎందుకు సెప్పలేదవ్వా?"

"నువ్వు అడిగినవా? గా డబ్బాలు తెచ్చుడు, వైర్లు సదురుడు, నీ మొకంల గంత కళ ఉండె. మీ నాయిన పోయినంక నువ్వు గట్ల ఉండుడు నేను సూడలే. పిల్లగాని ముచ్చట ఎందుకు కాదనాలె అని ఊకున్న."

పండరి ఏడ్చాడు. ముప్పై మంది ఉన్నారన్న సంగతి మరిచిపోయి, తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఎడమవైపు స్పీకరుకు చెవి ఆనించి ఏడ్చాడు. తండ్రి చెయ్యి నొప్పితో తాళం వేస్తూనే ఉన్నాడు. పాట ముగిసేదాకా గల్లీ మనుషులు కదలలేదు. తర్వాత ఒక్కొక్కరే లేచి, చప్పుడు కాకుండా చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. వెంకట్రాములు ఒక్కడే తలుపు దగ్గర ఆగిపోయాడు.

"పండరీ, మీ అవ్వ పెరట్లకు పోయినంక గా పెట్టె జర మల్ల పెడతవా?"

సబ్‌వూఫర్ లింగం దుకాణానికి ఇంతవరకు తిరిగి వెళ్ళలేదు. వెంకట్రాములు వెళ్ళనివ్వడం లేదు.