ఓబిలేష్ గుండె కబురు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఓబిలేష్, ఆ రోజు పొద్దున్నే ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష కాగితం తీసుకొని, దారిలో పట్టు కొనుక్కొని, పదికల్లా మగ్గంలో కూర్చోవాలనుకున్నాడు.

నర్సు ప్రశాంతి కాగితం చూసి, అతని నడుము చుట్టూ టేపు వేసింది. "షుగరు, బీపీ, కొవ్వు, పొట్ట అన్నీ కొంచెం కొంచెం ఎక్కువుండాయన్నా. ఒక్కోటి చూస్తే చిన్నదే. నాలుగూ జత కలిస్తే గుండెకు ముప్పు. ఇప్పుడే జాగ్రత్త పడితే ఏం కాదు. దినామూ నడువు, అన్నం తగ్గించు."

గుండెజబ్బేమోనని నాలుగు రోజులుగా ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని తిరుగుతున్న ఓబిలేష్, వెంటనే భార్య సునందకు ఫోను చేశాడు. "గుండెకేమీ కాలేదంట! నా భయమంతా పోయె!"

ఇంటి పక్కన మరమగ్గం దడదడలాడుతోంది. సునందకు 'గుండె' వినిపించింది, 'పోయె' వినిపించింది. మధ్యలోది మరమగ్గం మింగేసింది. తిరిగి చేస్తే అతని ఫోను స్విచాఫ్. ఛార్జింగ్ అయిపోయిందని ఆమెకేం తెలుసు?

ఏడుపు విని పక్కింటి మారెమ్మ వచ్చింది. సునంద "గుండె... పోయె..." అనేలోగా మిగతాది తానే పూరించుకొని, ఓబిలేష్ పోయినాడని వీధంతా చాటింది. గంటలో ఇంటి ముందు జనం. సునంద అన్న బయ్యన్న పూలదండతో పరుగున వచ్చాడు. శవం యాడుందో కనుక్కురమ్మని ఇద్దరిని పంపాడు కూడా.

పదకొండుకు పట్టు సంచితో వీధిలోకి వచ్చిన ఓబిలేష్‌కు ఇంటి ముందు ఆ గుంపు కనిపించింది. ఇంట్లో తల్లి ఏడాదిగా మంచంలో ఉంది. "మాయమ్మా!" అని బావురుమంటూ గుంపులో దూరాడు. తువ్వాలులో ముఖం దాచుకొని ఏడుస్తున్న బయ్యన్న, చూడకుండానే భుజం తట్టాడు. "ఊరుకోప్పా. మంచోడు, పోయినాడు. ఏం చేస్తాం?"

"పోయినాడా? ఎవురు బావా?"

బయ్యన్న తువ్వాలు దించి చూశాడు. "ఓబిలేషూ... నువ్వేనప్పా!" అంటూ ఛాతీ పట్టుకొని అరుగు మీద కూలబడ్డాడు.

సునంద వచ్చి మొగుడి చెయ్యి పట్టుకొని ముందు ఏడ్చింది, తర్వాత తిట్టింది. అందరూ నవ్వారు. అంతలో చావు కబురు విని ప్రశాంతి కూడా పరుగున వచ్చింది. "పొద్దున నా ముందర నడిచిపోయిన మనిషి ఎట్ల సచ్చినాడు?" అంటూనే, చెమటలు కారుతున్న బయ్యన్నను చూసి సంచిలోని బీపీ మిషను తీసి కట్టింది. నవ్వులు ఆగిపోయాయి.

"ఆటో పిలవండి, బిరీన!"

ఆసుపత్రిలో గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చారు. "షుగరు, బీపీ ఎప్పుడూ చూపించుకోలేదంట! గుండెపోటు మొదలైంది, ఇంకో గంట పోయింటే కష్టమయ్యేది. మంచి టయానికి తెచ్చినారు, ప్రాణానికి భయం లేదు."

సునంద గోడకు ఆనుకొని గట్టిగా ఊపిరి వదిలింది. అన్న ఉన్నాడు, మొగుడూ ఉన్నాడు. సాయంత్రం బయ్యన్న మంచం మీద నుంచి చెయ్యి చాపి, "నువ్వు సచ్చినావని వచ్చినందుకు బతికినానప్పా" అన్నాడు. ఓబిలేష్ ఆ చెయ్యి వదల్లేదు.

వీధిలో అందరూ మారెమ్మను నిలదీశారు. ఆమె జంకలేదు.

"గుండె సంగతి నిజమే కదప్పా, మనిషే మారినాడు."