ఖాజా మియా చీర, దాని స్థిరాస్తి లక్షణాలు

మనుషులు సంత కనిపెట్టిన నాటి నుంచి అమ్మేవాడినే అనుమానించారు. తూకం రాళ్లకు ముద్ర వేశారు, గజం బద్దలు కొలిచి చూశారు. కొనేవాడిని మాత్రం దేవుడన్నారు, వదిలేశారు. ఈ పొరపాటును దిద్దిన ఘనత గద్వాల బస్టాండు వెనుక, పత్తి విత్తనాల దుకాణం పై అంతస్తులో నడిచే ‘విదేశీ కొనుగోలుదారుల బాధ్యతల సమన్వయ కేంద్రా’నిది. (దేవుడికి కూడా ఫారం ఉంటుంది. తొమ్మిదో నంబరు. రెండు ఫొటోలు జతచేయాలి.)

ఈ కేంద్రం ఒకటుందని నేతగాడు బాలయ్యకు సెల్‌ఫోన్లో మెసేజ్ వచ్చేదాకా తెలియదు. ఖాజా మియా గద్వాల మనిషే. మస్కట్‌లో బట్టల దుకాణం పెట్టుకున్నాడు. కొడుకు నిఖా ఆదివారం. కోడలికి పెట్టే చీరను బాలయ్య దగ్గర నేయించాడు. ధర మస్కట్ నుంచి పంపి, విమానమెక్కి, ఆ డబ్బు కంటే ఒక రోజు ముందే గద్వాలలో దిగాడు. ఇప్పుడు ఆయన బాలయ్య ఇంటికి మూడు వీధుల అవతల ఉన్నాడు. డబ్బు మాత్రం విదేశం నుంచి వచ్చింది కాబట్టి ఈ అమ్మకం అంతర్జాతీయమని కేంద్రం యాప్ తేల్చింది. పేరు చదివి, ఇస్లామిక్ న్యాయం కూడా వర్తిస్తుందని అదే తేల్చింది.

బాలయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెళ్లి చీరను నేసినవాడు మగ్గం మీంచి కోయడు. కొన్న ఇంటి ఆడమనిషి వచ్చి, వెలుతురులో చూసి, తన చేత్తో కత్తెర పెట్టాలి. ఖాజా తల్లి హలీమాబీ ఇంతకుముందు ఇద్దరు కోడళ్ల చీరలు ఈ మగ్గం మీదే కోసింది. సోమవారం పొద్దున మనవడి పెళ్లి చీర కొంగు పూర్తయింది. ఇక మిగిలింది కత్తెర.

బాలయ్య కేంద్రానికి వెళ్లాడు. సమన్వయాధికారి జగదీశ్ సోమ, గురువారాలు గద్వాలలో, మంగళవారం వనపర్తిలో, బుధవారం నాగర్‌కర్నూల్‌లో కూర్చుంటాడు. (శుక్రవారం ఎక్కడుంటాడనే ప్రశ్న ఇంతవరకు ఎవరూ రాతపూర్వకంగా అడగలేదు.)

“కొన్నాయన బాధ్యతలు తీర్చినట్టు పత్రం రాకుంట సరుకు చేతులు మారొద్దు,” అన్నాడు జగదీశ్.

“పైసలిచ్చిండు సార్. ఇంక ఆయనకేం బాధ్యత?”

“అదే తేలాలె. రెండు చట్టాలున్నయ్. రెండిట్ల ఏముందో రాయించుకొని రా.”

ఇస్లామిక్ న్యాయం చెప్పే ముఫ్తీ సాబ్ ఆ సాయంత్రమే ఉర్దూలో అర పేజీ రాసిచ్చాడు. చూడకుండా కొన్నవాడికి చూశాక ఒప్పుకునే హక్కు, వద్దనే హక్కు ఉన్నాయి. ఒప్పుకుంటే ధర ఇవ్వాలి, సరుకు తీసుకోవాలి. లోపం కనబడితే నానబెట్టకుండా చెప్పాలి. లాయరు తేజస్విని ఒక పేజీ రాసిచ్చింది. అంతర్జాతీయ వాణిజ్య చట్టం ప్రకారం కొన్నవాడు ధర ఇవ్వాలి, సరుకు తీసుకోవాలి, వీలైనంత త్వరగా పరీక్షించాలి, లోపముంటే తగిన సమయంలో చెప్పాలి. కింద ఇంకో వాక్యం రాసింది: ఇంటి వాడకానికి కొన్న వస్తువుకు ఈ చట్టం వర్తించదు.

మంగళవారం వనపర్తిలో జగదీశ్ రెండూ శ్రద్ధగా చదివాడు.

“వర్తించదని రాసిన్రు గద సార్. ఇంక నేను పోవచ్చునా?” అన్నాడు బాలయ్య.

“వర్తించని చట్టానికి గూడ లోబడినట్టు రుజువుండాలె. కూసో.”

ఫారంలో పదిహేడో గడి దగ్గర పని ఆగింది. ‘రెండు చట్టాల మధ్య తేడాలు. తప్పనిసరి. కనీసం వంద అక్షరాలు.’ జగదీశ్ ‘తేడా లేదు’ అని కొట్టాడు. యాప్ ఒప్పుకోలేదు. ‘ఏ తేడా లేదు’ అన్నాడు. అదీ ఒప్పుకోలేదు. పన్నెండు వందల ఏళ్ల దూరంలో పుట్టిన రెండు న్యాయాలు ఒకే మాట చెప్పగలవని యాప్ రాసినవారు ఊహించలేదు.

“నువ్వే ఏదన్న తేడా చెప్పు,” అన్నాడు జగదీశ్. ఆయన మంచి మనిషి. సాయం చేయాలనే ఉంది.

బాలయ్య రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాడు. “గిది కుడి దిక్కు కెళ్లి మొదలైంది సార్, గిదేమో ఎడమ దిక్కు కెళ్లి.”

జగదీశ్ ఆ సంగతినే నూట నాలుగు అక్షరాల్లో రాశాడు. యాప్ ఆకుపచ్చ గుర్తు చూపించింది. సమన్వయం పూర్తయింది.

బుధవారం నాగర్‌కర్నూల్‌లో ఇరవై రెండో గడి వచ్చింది. ‘సరుకు ప్రస్తుతం ఉన్న చోటు.’ ఇంట్లో అని ఉంటే పోయేది. కానీ నేతగాడికి కోయని చీర ఇంట్లో ఉన్నట్టు కాదు. బాలయ్య నిజం చెప్పాడు.

“గుంటల ఉంది సార్.”

“గుంటేంది?”

“గుంట మగ్గం. నేల తవ్వి కాళ్లు లోపల పెట్టుకొని నేస్తం గద.”

“అంటే సరుకు మగ్గానికి అతికుంది. మగ్గం?”

“గుంజలు నేలల పాతినం.”

“నేల?”

బాలయ్య ఆలోచించాడు. “నేల నేలకే అతికుంటది సార్.”

జగదీశ్ కలం కింద పెట్టాడు. రెండు చట్టాలూ కదిలే సరుకు గురించే మాట్లాడతాయి. నేలకు పాతిన మగ్గానికి అతికి ఉన్న చీర కదలదు. కదలనిది స్థిరాస్తి. స్థిరాస్తి చేతులు మారాలంటే ముందు సర్వే కావాలి.

గురువారం సర్వేయరు దినేష్ వచ్చి చీరను కొలిచాడు. తూర్పు హద్దు గోడ, పడమర హద్దు బాలయ్య, ఉత్తరాన నీళ్ల బిందె, దక్షిణాన పిల్లి అని రాసుకున్నాడు. (పిల్లి లేచి వెళ్లింది. దక్షిణం హద్దు వివాదంలో ఉన్నట్టు నమోదైంది.) పోతూ పోతూ బట్ట చుట్టుకునే కర్ర మీద లక్కతో ముద్ర వేశాడు. ముద్ర పగిలితే నేత గుర్తింపు కార్డు రద్దవుతుందని నోటీసు అంటించాడు.

“కొలిసినవు గద బిడ్డా, ఎన్ని గుంటలున్నది మా చీర?” అని అడిగింది బాలయ్య భార్య లక్ష్మీదేవమ్మ. “పాసుబుక్కు ఇస్తే రైతుల లెక్క సాయమన్న ఒస్తది.”

దినేష్ ఆ ప్రశ్నను అర్జీగా తీసుకుని నంబరు ఇచ్చాడు.

శనివారం పొద్దున హలీమాబీ ఆటో దిగింది. వెనక ఖాజా, ఆమె చేతిలో కత్తెర. చీర ముందు కూర్చుంది. అంచు తిప్పి చూసింది, నూలు పట్టుతో కలిసేచోట వేలు పెట్టి నడిపింది.

“మంచిగ నేసినవ్ బాలయ్యా. లోపం లేదు. నాకు నచ్చింది.”

రెండు చట్టాల ప్రకారమూ ఆ క్షణాన మిగిలింది ఒక్క బాధ్యత. ఆమె కత్తెర తెరిచింది. బాలయ్య చేయి అడ్డం పెట్టాడు. ముద్ర చూపించాడు.

“ఏందిది?” అన్నాడు ఖాజా. “పైసలు నావి, చీర నీది, నిఖా రేపు. నడుమ గీ లక్కెవరిది?”

బాలయ్య జగదీశ్‌కు ఫోన్ చేసి అందరికీ వినబడేలా పెట్టాడు.

“సర్వే అయిన ఆస్తి మీద కత్తెర పెడితే విభజన కిందికి ఒస్తదమ్మా,” అన్నాడు జగదీశ్. “విభజనకు వారసులందరి సంతకాలుండాలె.”

“కొన్నోళ్లం చూడాలె, పైసలియ్యాలె, తీస్కపోవాలె,” అంది హలీమాబీ. “మా అత్త నాకు గింతే చెప్పింది. గిది చెప్పనీకి నీకు మూడు ఊర్లు గావాల్నా నాయనా?”

“ఆ మాట మీరు రాసిస్తే పదిహేడో గడిల పెడ్త,” అన్నాడు జగదీశ్.

ఆమె ఫోన్ వైపు చూసింది, ముద్ర వైపు చూసింది, గోడకంటించిన నోటీసు మీద బాలయ్య కార్డు నంబరు చూసింది.

“నేను కోస్త. దేవునికి భయపడ్త గానీ లక్కకు భయపడ,” అంది. “గానీ తెల్లారి కార్డు పొయ్యేది నీది.” కత్తెర మూసి సంచిలో వేసుకుంది.

ఆదివారం నిఖాకు కోడలు వనపర్తి దుకాణంలో కొన్న చీర కట్టుకుంది. మరమగ్గం చీర. దానికి ఏ ఫారమూ అవసరం పడలేదు. బాలయ్యను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన బిర్యానీ తిన్నాడు. కోడలి వైపు చూడలేదు.

ముద్ర మగ్గం మీదే ఉంది కాబట్టి తర్వాతి చీరకు పడుగు ఎక్కలేదు. పంతొమ్మిదో రోజున దినేష్ వచ్చి కారణం చెప్పకుండానే ముద్ర తీశాడు. హలీమాబీ మళ్లీ వచ్చి చీర మళ్లీ చూసింది. కోసింది, రెండు చేతులా తీసుకుంది. కొత్త కోడలు అప్పటికి భర్తతో మస్కట్ వెళ్లిపోయింది. చీరను ఎవరికి ఇవ్వాలో ఇంకా తేలలేదని ఆమె చెప్పింది.

ఆ నెలాఖరున పత్రం వచ్చింది. రెండు భాషల్లో, మూడు సంతకాలతో ఉంది. ధర చెల్లింపు: సకాలంలో. సరుకు పరీక్ష: రెండుసార్లు, సంతృప్తికరం. సరుకు స్వీకరణ: పంతొమ్మిది రోజులు ఆలస్యం. ఆలస్యానికి కారణం: చేనేత.