తల లేని బొమ్మకు వర్ణన

మా ఇంట్లో తల లేనివి రెండున్నాయి. ఒకటి, మా ఆవిడ కుట్టిన బట్టలు తొడిగి చూసుకునే దర్జీ బొమ్మ. రెండోది ఏదని అడిగితే ఆవిడ నోటితో చెప్పదు, నావైపు చూసి ఊరుకుంటుంది.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి బిగిస్తుంటాను. పగలంతా ఊరివాళ్ళ చూపు సరిచేసి, సాయంత్రం ఇంటికొచ్చి అక్షరాల ఆటలో పడి నా చూపు పాడుచేసుకుంటాను.

ఆ ఆట సంగతి మీకు కాస్త చెప్పాలి. అందులో బొమ్మలుండవు, చప్పుళ్ళుండవు. కంప్యూటరు తెర మీద వాక్యాలొస్తాయి, మనమూ వాక్యాలతోనే జవాబివ్వాలి. ‘నువ్వు పాడుబడ్డ సత్రంలో ఉన్నావు. మెట్ల మీద తడి అడుగులున్నాయి’ అని వస్తే, ‘మెట్లెక్కు’ అని కొట్టాలి. ఎక్కడెక్కడివాళ్ళో, ముఖాలు తెలియనివాళ్ళు, మనతోపాటు అదే సత్రంలో తిరుగుతుంటారు. అక్కడ నా పేరు మహాంధకారుడు.

“అంధకారం గారూ, ఆ లైటు వేసి చెత్త బయట పెట్టి రండి,” అంటుంది మా ఆవిడ.

ఆటలో ఎవరికైనా సొంతంగా ఒక వస్తువు కావాలంటే దానికి వర్ణన రాసి పంపాలి. రాత కుదిరితే వస్తువు పుడుతుంది, కుదరకపోతే లేదు. మొదట్లో నాకోసమే రాసుకునేవాణ్ణి. పోనుపోను “అంధకారా, నాకో శాపం తగిలిన గొడుగు రాసిపెట్టు”, “నాకో ఏడ్చే తాళంకప్ప కావాలి” అని తోటి ఆటగాళ్ళు వెంటపడ్డారు.

“చూశావుటోయ్, నీదీ నాదీ ఒకే వృత్తి. అడిగినవాళ్ళకు అడిగినట్టు తయారుచేసి ఇవ్వడం,” అన్నాను గర్వంగా.

“అవునండీ. నేను బట్ట కోస్తాను, మీరు కోతలు కోస్తారు. తేడా అంతా కత్తెర దగ్గరే.”

ఆవిడకు ఇంటిలోపలి చిన్న గది ఉంది. దానికి కిటికీ, తలుపు, గడియ ఉన్నాయి. అందులో కుట్టుమిషను, కత్తిరింపు బల్ల, ఆ బొమ్మ. నాకేమో హాల్లో, టీవీకీ చెప్పుల స్టాండుకీ మధ్య ఒక కుర్చీ. చెప్పుల స్టాండు పక్కన కూర్చుని శాపాలు రాయడం ఎంత కష్టమో రాసినవాడికే తెలుస్తుంది.

“ఆ గది నాకిచ్చి నువ్వు హాల్లో కుట్టుకోరాదూ?” అని అడిగి చూశాను.

“కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్ళను మీ ముందు నిలబెట్టి టేపు చుట్టమంటారా? గది పోతే నా పని పోయినట్టే. ఇంకోసారి ఆ మాటెత్తకండి.”

ఎత్తలేదు. ఎత్తు వేశాను. ఆ బొమ్మ మీద ఒళ్ళు జలదరించే వర్ణన ఒకటి రాసి, అభిప్రాయం చెప్పమన్నట్టుగా ఆవిడకు చదివి వినిపించాలి. భయపడి గది ఆవిడే ఖాళీ చేయాలి. ఆవిడకు చీకటంటే భయం లేదు, బల్లులంటే భయం లేదు, నేనంటే అసలే లేదు. అయినా నా రాత మీద నాకు నమ్మకం.

‘గదిలో తల లేని బొమ్మ ఉంది. చూడగానే నీ గుండె ఆగిపోతుంది’ అని రాసి ముందు ఆటకు పంపాను. ఎలాగూ రాస్తున్నాను, వస్తువుగా కూడా పనికొస్తుందని.

ఆటలో వర్ణనలన్నీ ఒక పెద్దమనిషి చూసి ఒప్పుకోవాలి. ఆయన్ని అందరం గడప తాత అంటాం. వెంటనే తిప్పి పంపాడు.

‘నాయనా, ఆటగాడి గుండె నీది కాదు. ఆగాలో వద్దో అతను చూసుకుంటాడు. నువ్వు కంటికి కనబడేది రాయి, చెవికి వినబడేది రాయి, చేతికి తగిలేది రాయి. భయపడమని మాత్రం చెప్పకు.’

తాత పద్ధతిలో ప్రతి వస్తువుకూ మూడు పొరలుండాలి. దూరం నుంచి చూస్తే ఏమిటి, దగ్గరకెళ్ళి చూస్తే ఏమిటి, తాకితే ఏమిటి. వీటికి తోడు విడి వాక్యాలని కొన్ని రాసివ్వాలి. వస్తువు పక్కన ఎవరూ ఏమీ చేయకపోయినా, ఆట దానంతటదే అప్పుడప్పుడు వాటిలో ఒకటి తెర మీదికి వదులుతుంది. ఏది ఎప్పుడొస్తుందో రాసినవాడికి కూడా తెలియదు.

అంటే ముందు నేను బొమ్మను సరిగ్గా చూడాలి. ఒక మధ్యాహ్నం దుకాణానికి సెలవు పెట్టాను. మా ఆవిడ దారాలకోసం బజారుకెళ్ళింది. నేను స్టూలు లాక్కుని బొమ్మ ఎదురుగా కూర్చున్నాను.

ఇన్నేళ్ళుగా ఇంట్లో ఉన్నదే. ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. ఇనప కాలు. మట్టిరంగు గుడ్డ చుట్టిన మొండెం. ఛాతీకి, నడుముకి, తుంటికి ఒక్కో మర. మర తిప్పితే లోపలి చెక్కలు విచ్చుకుని ఆ మేరకు లావవుతుంది. మెడ మీద తల బదులు గుండ్రటి చెక్క మూత. గుడ్డ నిండా గుండుసూదుల గుంటలు. ఎడమవైపు ఛాతీ మీద మరీ ఎక్కువ. చూస్తూ కూర్చుంటే ఆ గుంటలు ఒకదానికొకటి కొంచెం దగ్గరకొచ్చి, మళ్ళీ దూరమైనట్టు అనిపించింది. నేను ఊపిరి బిగబట్టాను. అవీ ఆగాయి.

చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎండ తగిలి ఉంటుందనుకుని కిటికీ వైపు చూశాను. ఆ కిటికీకి పక్కింటి గోడ అడ్డం. ఎండ ఏనాడూ రాదు.

ఆ సాయంత్రం కొత్త వర్ణన తాతకు పంపి, మా ఆవిడ గుండీలు ఏరుతుంటే, గొంతు సవరించుకుని చదివాను.

“దూరం నుంచి చూస్తే: ఎవరో వెనక్కి తిరిగి నిలబడ్డారు. దగ్గరకెళ్ళి చూస్తే: ఇటే తిరిగి నిలబడ్డారు, ముఖం లేదు. తాకితే: వెచ్చగా ఉంది. దీన్ని గది దాటిస్తే, దాటించినవాళ్ళ వెంట గది కూడా వస్తుంది. విడి వాక్యాలు: ఎక్కడో ఒక గుండుసూది నేల మీద పడింది. బొమ్మ తలుపు వైపు తిరిగి ఉంది. ఇందాక కిటికీ వైపు ఉండేది.”

“‘ఉండేది’ దగ్గర గొంతు కాస్త తగ్గించండి. ఇంకా బాగుంటుంది.”

“భయం వేయలేదూ?”

“వేయకేం? దీనికోసం పూట సెలవు పెట్టి కూర్చున్నారంటే ఏ పెళ్ళానికైనా వేస్తుంది.”

మర్నాడు దుకాణం నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ లోపలికి చూశాను. బొమ్మ తలుపు వైపు తిరిగి ఉంది.

“నువ్వు తిప్పావా?” అన్నాను.

“నేనెందుకు తిప్పుతాను? తిరుగుతుందని మీరే రాశారుగా!” సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండా అంది.

ఇలా కాదని, ఆవిడ దగ్గరకొచ్చేవాళ్ళను బెదరగొడదామనుకున్నాను. పళ్ళ డాక్టరమ్మ తెల్లకోటు కొలతలివ్వడానికొస్తే గుమ్మంలోనే ఆపి, మొత్తం వర్ణన వినిపించాను. ఆమె చెవులప్పగించి విని, లోపలికి పరిగెత్తింది. మరుక్షణం కేక.

“అన్నయ్యగారూ! నిజంగానే వెచ్చగా ఉందండీ!”

అది భయంతో వేసిన కేక కాదు, జాతరలో రంగులరాట్నం ఎక్కినవాళ్ళు వేసే కేక. వారం తిరక్కుండా ఆమె ఆస్పత్రి నర్సులందరినీ వెంటేసుకొచ్చింది. బొమ్మను చూసి ఊరికే వెళ్ళిపోతే బాగుండదని తలా ఒక కోటు కుట్టమని చెప్పి వెళ్ళారు. “మీవారు ఇంకా ఏమైనా రాశారా అక్కా?” అని మా ఆవిడను అడగడం మొదలుపెట్టారు.

ఇక నా ఎత్తు చిత్తేననుకుంటుండగా, ఒక ఆదివారం పొద్దున ఆవిడే నా దగ్గరకొచ్చింది.

“ఏమండీ, మీరు రాసిందాంట్లో ఏదో ఉందండీ. ఆ గదిలో కూర్చుంటే వీపు మీద ఎవరో చూస్తున్నట్టుంటోంది. గది మీరే తీసుకోండి.”

నేను ఎగిరి గంతేయలేదు. లోపల వేశాను. పైకి మాత్రం నిట్టూర్చి మిషను, కత్తిరింపు బల్ల హాల్లోకి లాగాను. టీవీ పడకగదిలోకి, చెప్పుల స్టాండు వరండాలోకి వెళ్ళిపోయాయి. కొలతలు తీసేటప్పుడు అడ్డంగా వేయడానికి ఆవిడ పెట్టెలోంచి ఒక తెర తీసింది. హాలు ఈ గోడ నుంచి ఆ గోడకు సరిగ్గా అతికినట్టు సరిపోయింది. ఇంత సరిగ్గా ఎప్పుడు కుట్టావని అడగాలని అప్పుడు నాకు తోచలేదు.

“మరి బొమ్మ?” అన్నాను.

“అమ్మో, దాన్ని గది దాటించకూడదని మీరే కదండీ రాశారు!”

అలా నాకు గది వచ్చింది, బొమ్మతో సహా.

దానికి వీపు పెట్టి కూర్చుంటే రాయలేను. ఎదురుగా కూర్చుంటే అసలే రాయలేను. పక్కకు తిరిగి, మెడ వంకర పెట్టుకుని ఒక వాక్యం రాశానో లేదో, వెనకాల ఎక్కడో ‘టింగ్’మని చిన్న చప్పుడు. గుండుసూది. హాల్లోకి తొంగిచూశాను. మా ఆవిడ, డాక్టరమ్మ అక్కడే ఉన్నారు, నవ్వుకుంటూ బట్ట పరుస్తున్నారు. తిరిగొచ్చి నేలంతా వెతికాను. సూది దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది.

ఆ మర్నాడు దుకాణం నుంచి వచ్చి గది తలుపు తీశాను. గదిలో నేను నిలబడి ఉన్నాను.

అవును, నేనే. చేతులు కుట్టని చొక్కా వేసుకుని, అదే బొజ్జ, అదే వంగిన ఛాతీ. ఏళ్ళ తరబడి అద్దాలు అరగదీసే చక్రం మీదికి ఒరిగి ఒరిగి నా ఎడమ భుజం కిందికి వాలిపోయింది. దాని భుజమూ అంతే వాలి ఉంది. అద్దంలో కూడా నన్ను నేను అంత స్పష్టంగా ఎప్పుడూ చూసుకోలేదు.

నా అరుపుకి మా ఆవిడ చేతిలో కత్తెరతోనే వచ్చింది.

“ఏమిటండీ ఆ గోల? మీకే చొక్కా కుడుతున్నాను. మీకు తెలియకుండా కుట్టి ఇద్దామనుకున్నాను, పాడుచేశారు.”

“అచ్చం నాలాగే ఉందే!”

“తల ఒక్కటే తక్కువ. పెద్ద తేడా తెలియడం లేదు.”

“నా కొలత ఎప్పుడు తీశావు?”

“తీయలేదే. అంచనాగా మరలు తిప్పుతుంటే అక్కడే బిగుసుకున్నాయి.”

“నడుముకి మర ఉంది, సరే. ఆ భుజం ఎందుకు వాలింది?”

ఆవిడ దగ్గరకెళ్ళి చొక్కా పక్కకు జరిపి చూసింది. వేళ్ళతో ఆ భుజమంతా తడిమింది.

“భుజానికి మర లేదండీ,” అంది మెల్లగా.

ఇద్దరం కాసేపు అలాగే నిలబడ్డాం. ముగ్గురం అనాలేమో.

“ఈ గది నాకొద్దే తల్లీ. నువ్వే ఉంచుకో,” అన్నాను.

ఆవిడ అంతలోనే తేరుకుంది. “అయితే మిషను లోపలికి లాగండి. కత్తిరింపు బల్ల మాత్రం హాల్లోనే ఉంటుంది, అక్కడ వెలుతురు బాగుంది. తెర కూడా ఉండనివ్వండి, నర్సులు అలవాటుపడ్డారు.”

“మరి నేనెక్కడ రాసుకోను?”

“వంటింట్లో స్టూలుంది. పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు ఎలాగూ ఎవరో ఒకరు కాపలా ఉండాలి.”

“నీకు ఆ బొమ్మ అంటే భయం లేదూ?”

“దానికే నేనంటే భయమండీ. మీకు లేదూ?”

ఇదీ సంగతి. నేనిప్పుడు వంటింటి రచయితను. మొన్న సాయంత్రం, ఆవిడ కుట్టిన చొక్కా తొడుక్కుని, స్టూలు మీద కూర్చుని ఆట తెరిచాను. గడప తాత నా బొమ్మను మళ్ళీ తిప్పి పంపాడు.

‘నాయనా, ఇంకా నీ భయమే రాస్తున్నావు. నీ పేరు మీదే వచ్చిన రెండో వర్ణన చూడు. ఒక్క అక్షరం మార్చకుండా ఒప్పుకుని సత్రంలో పెట్టేశాను. రాస్తే అలా రాయాలి.’

నేను రెండోది పంపలేదు. తెరిచాను.

‘దూరం నుంచి చూస్తే: వంటింటి స్టూలు మీద ఒక భర్త ఉన్నాడు. దగ్గరకెళ్ళి చూస్తే: ఎడమ భుజం కిందికి వాలి ఉంది. చొక్కా కొత్తది. కళ్ళు ఎదురుగా ఉన్న తెర మీదే ఉన్నాయి, పక్కనున్నది కనబడదు. తాకితే: ఉలిక్కిపడతాడు.’

“ఏమోయ్!” అని అరిచాను. “నా పేరుతో ఇది నువ్వు పంపావా?”

లోపలి గదిలో మిషను ఆగలేదు. దాని చప్పుడు మీదుగా ఆవిడ గొంతు వినిపించింది.

“ఆట తెరిచిపెట్టి వెళ్ళారు కదా అని పంపానండీ. కొలత సరిపోయిందా?”

సత్రంలోకి వెళ్ళాను. నిజంగానే మూల స్టూలు మీద ఒక భర్త ఉన్నాడు. ఆటగాళ్ళంతా చుట్టూ మూగి, మార్చి మార్చి తాకుతున్నారు. ‘ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడ్డాడు. ఉలిక్కిపడ్డాడు’ అని తెరంతా నిండిపోతోంది. “అంధకారా, ఈ భర్త ఎవరివాడు? ఒకటి మాకూ రాసిపెట్టకూడదూ?” అని అడుగుతున్నారు.

జవాబు రాయబోతుంటే, ఎవరూ ఏమీ చేయకుండానే, ఆట ఒక విడి వాక్యం వదిలింది.

‘భర్త లేచి పొయ్యి ఆర్పుతాడు.’

నా పక్కన పొయ్యి మీద పాలు బుస్సుమని పొంగాయి. లోపల మిషను ఆగకుండా నడుస్తూనే ఉంది.

నేను లేచి పొయ్యి ఆర్పాను.