రేపల్లె రైలుకు పరుగెత్తే ఏఐ

మా తెనాలి జూనియర్ కాలేజీలోకి ఏఐ టీచింగ్ అసిస్టెంట్ రావడం కన్నా చదువులకు జరిగిన మేలు ఇంకొకటి లేదు! కాదనేవాళ్ళు నాతో వాదనకు రావచ్చు. ఇరవై ఆరేళ్ళ బోటనీ పాఠాన్ని దానికి నూరిపోసినవాణ్ణి నేనే.

రిఫరెన్స్ మెటీరియల్ అంతా అప్‌లోడ్ చేయాలని ప్రిన్సిపాల్ సుధీర్ గారు సర్క్యులర్ పంపారు. మిగతా లెక్చరర్లు కంగారుపడ్డారు. నేను పడలేదు. నా దగ్గర మెటీరియలే లేదు కదా! నోట్సు చెప్పడమే తప్ప రాసుకున్న పాపాన పోలేదు.

అప్పుడు కృపారాణి గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళ కిందటి నా స్టూడెంటు, ఇప్పుడు బాపట్లలో టీచరు. నా నోటి నుంచి ఏది వస్తే అది రాసుకునేది. అడగ్గానే పాత నోట్‌బుక్ పంపించింది. ఒక్క పేజీ చదవకుండా స్కాన్ చేయించి అప్‌లోడ్ చేశాను. నేను చెప్పిందే నేను చదవడమెందుకు?

ఫలితం అద్భుతం! కిరణజన్య సంయోగక్రియ మధ్యలో క్లాసు స్క్రీను మీద ఏఐ ఆగి, మూడో బెంచీలో కిరీటిని నిలబడమంటుంది. కృపారాణి క్లాస్‌మేటు కిరీటి కాలేజీ వదిలి పద్నాలుగేళ్ళయింది. అయితే మాత్రం, క్రమశిక్షణ వద్దా? నాలుగూ పది కాగానే రేపల్లె రైలుకి టైమైందనీ మిగతాది రేపు చెబుతాననీ పాఠం ఆపేస్తుంది. దానికి రేపల్లెలో ఇల్లుందా అని పిల్లలు అడిగారట. నాకుంది, చాలదా?

డౌటు అడిగితే మాత్రం పరీక్షలో రాదమ్మా, కూర్చో అంటుంది. ఎంత టైము ఆదా! ఏ దేశంలో తయారైందో గానీ, మన చదువుల కిటుకు మూడు రోజుల్లో పట్టేసింది.

సుధీర్ గారు నన్ను పిలిపించారు. "అచ్చం మీలాగే చెబుతోందండి మాస్టారూ," అన్నారు. ఇంతటి మెప్పు నాకెన్నడూ దక్కలేదు. అచ్చం నాలాంటిది ఒకటి ఉండగా, జూన్ నుంచి నేను శ్రమపడి రానక్కర్లేదని కూడా ఆ నోటితోనే చెప్పారు.

సాయంత్రం రైలు టైముకి స్టాఫ్ రూములో పుస్తకాలు సర్దుకుంటుంటే జెస్సీ వచ్చింది. సెకండియర్, కొల్లిపర అమ్మాయి.

"వరి నెలల తరబడి నీళ్ళలో ఉన్నా కుళ్ళదు కదండి. మా నాన్న వేసిన మినుము రెండ్రోజుల వానకే పోయింది. ఎందుకండి సార్?"

ఏఐని అడిగితే వారం నుంచీ రేపు చెబుతానంటోందట. ఇదెక్కడ నేర్చుకుందా అని నోట్‌బుక్ మొదటిసారి తెరిచాను. చివరి పేజీలో అదే ప్రశ్న, కృపారాణి చేతిరాతతో. దాని కింద చిన్న అక్షరాలతో 'సార్ రేపు చెప్తానన్నారు' అని ఉంది.

సిగ్గేసింది, దాచను. ఏఐకి ఎన్ని రేపులైనా ఉన్నాయి. నాకు జూన్ దాకానే.

జెస్సీని కూర్చోమన్నాను. వరి కాడలోనూ వేళ్ళలోనూ సన్నటి గాలి దారులుంటాయనీ, పైనుంచి గాలి వాటిగుండా వేళ్ళకు దిగుతుందనీ, మినుముకు ఆ ఏర్పాటు లేక నీళ్ళలో వేళ్ళకు ఊపిరాడదనీ చెప్పాను. ఐదు నిమిషాలు పట్టింది. రైలు వెళ్ళిపోయింది.

సంగతి తెలిసి సుధీర్ గారు ఆ జవాబు కూడా అప్‌లోడ్ చేయమన్నారు. రేపు చేస్తానన్నాను.