హైజంప్ పరుపు మీద పెద్దలు

అంతర్జాతీయ పోటీలకు హైజంప్‌లో ఎంపికైన మిడతను ఘనంగా సాగనంపాలని క్రీడా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. మిడత అన్నది మేనత్త ఆ పిల్ల కాళ్లు చూసి పెట్టిన ముద్దుపేరు. ఏకగ్రీవం మాత్రం సంఘానికి పుట్టుకతో వచ్చిన గుణం. అధ్యక్షులు చెయ్యెత్తాక మిగతావారికి చేతులు వాటంతటవే లేస్తాయి.

సభ అన్నాక పెద్దలుంటారు, పెద్దలన్నాక నడుంనొప్పులుంటాయి. వేదిక మీద కుర్చీలు మరీ గట్టివని కార్యదర్శి బెంగపడుతుండగా, మైదానం మూలనున్న హైజంప్ పరుపు ఆయన కంట్లో పడింది. పదిమంది పెద్దమనుషులు కాళ్లు చాపుకునేంత పరుపు. దాన్ని వేదికెక్కించారు. అధ్యక్షులు అందులో మోకాళ్లదాకా దిగబడి, క్రీడల మీద గంటన్నర మాట్లాడారు. వారికి క్రీడలంటే అంత ప్రేముందని అంతకుముందు వారికే తెలియదు.

కబురు ఊరంతా పాకింది. విశ్రాంత అధికారులు, సిమెంటు దుకాణాలవారు, నవ్వుల క్లబ్బువారు తలా ఒక వీడ్కోలు సభ పెట్టారు. మిడతకు వీలుకాకపోతే ఫోటో చాలన్నారు, పరుపు మాత్రం తప్పనిసరి అన్నారు. పరుపు లారీలో ఊరేగుతూ సన్మానాలు అందుకుంది.

"మాస్టారూ, పరుపెప్పుడొస్తుంది?" అని మిడత రోజూ కోచ్‌ని అడిగేది.

"వస్తుందమ్మా. నీ పేరు మీదే కదా తిరుగుతోంది."

వాళ్లమ్మ పాత బట్టలన్నీ కుక్కి బొంత కుట్టిచ్చింది. ఒక్కసారి దాని మీద పడేసరికి మిడత వీపు కమిలిపోయింది. దాంతో మాస్టారు ఉపాయం కనిపెట్టాడు. "దూకడం అక్కడ దూకుదువుగాని. ఇక్కడ పరిగెత్తి, కర్ర ముందు ఆగు. ఒళ్లు జాగ్రత్త."

మిడత పరిగెత్తింది, ఆగింది. ప్రయాణం దాకా అదే సాధన. కర్రకు జానెడు దూరంలో ఠక్కున ఆగడంలో ఆమెను మించినవారు లేకపోయారు. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఉన్న ఆశ ఒక్కటే. లోకమంతా చూస్తుండగా కర్ర దాటి, ఆకాశం చూస్తూ వెనక్కి పడాలి.

పోటీ రోజున ఆమె పరుగు చూసి స్టేడియం లేచి నిలబడింది. అభ్యాసం కూసువిద్య అన్నారు కదా, కాళ్లు నేర్చుకున్నది మరిచిపోలేదు. కర్ర ముందు ఆగింది. మళ్లీ పరిగెత్తి మళ్లీ ఆగింది. గడువు దాటి ఎర్రజెండా లేచింది. అక్కడి పరుపును ఒకసారి చేత్తో తడిమి, మిడత ఏడుస్తూ బయటికొచ్చింది.

తిరిగి రాగానే విచారణ సంఘం కూర్చుంది. ఎక్కడ కూర్చుందో చెప్పనక్కర్లేదు.

"ఏం తక్కువ చేశామమ్మా నీకు?" అన్నారు అధ్యక్షులు, దిండు సర్దుకుంటూ. "ఊరూవాడా ఏకమై సాగనంపితే, దూకడానికి నీకేం రోగం?"

"మీరు కూర్చున్నది నా పరుపండీ. ఒక్కసారి లేవండి, దూకి చూపిస్తాను."

పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. లేవడం ఎవరికీ వీలుపడలేదు. పిల్లకు పొగరెక్కినందువల్లే పతకం పోయిందని ఏకగ్రీవంగా తేల్చారు.

అందులో వారి తప్పేముంది? ఆమె కర్ర ముందు ఆగిపోయిన వీడియో చూసి పొట్ట పట్టుకుని నవ్వి, పదిమందికి పంపింది మనమే కదా. సందేహించకుండా వెళ్లండి. వాళ్లు కాస్త జరుగుతారు, ఆ పరుపు మీద మనకూ చోటుంది.