వాయిదాల వాచస్పతి

ఒక పెద్ద అడవిలో, పులి గర్జన కంటే వకీలు గొంతే ఎక్కువ దూరం వినపడే రోజుల్లో, ముక్కుమీద కొమ్మున్న పక్షుల జంట ఒకటి ఉండేది. మొగుడు వాచస్పతి, పెళ్లాం కనకాంగి.

కనకాంగి తానిచెట్టు తొర్రలో ఉంటోంది. ఉంటోంది అనే కంటే మూసిపెట్టి ఉంది అనడం సబబు. ఆ జాతిలో ఆడపక్షి గుడ్లు పెట్టే ముందు తొర్రలో కూర్చుంటే వాకిలిని మట్టితో మెత్తేస్తారు. ముక్కు పట్టేంత కన్నం మాత్రం వదులుతారు. ఇక మొగుడు ఏది తెస్తే అదే తిండి. మట్టిముద్దలు అందించింది వాచస్పతే. కన్నం కాస్త పెద్దగా ఉంచమంటే, నీకు చలిగాలి పడదు కదా కనకం అన్నాడు.

వాచస్పతి మొదట వకీలు. ఒక కుందేలు కేసుకు ఎన్ని వాయిదాలు అడిగాడంటే, తీర్పు వినడానికి దాని మనవరాలు రావలసి వచ్చింది. తర్వాత అడవి రేడియోలో చేరాడు. రోజూ పొద్దున్నే బూరుగు కొమ్మ మీంచి ఆడజీవుల కోసం మాట్లాడేవాడు. "అక్కల్లారా, చెల్లెళ్లారా, గోడలు బద్దలు కొట్టండి," అనేవాడు. అది విని దుప్పులు కళ్లు తుడుచుకునేవి. తొర్రలో ఆకలితో ఏడుస్తున్న రెండు పిల్లల్ని సముదాయిస్తూ కనకాంగి కూడా వినేది. ఆమెకు వేరే వినోదం లేదు.

మేడిపళ్లు తెమ్మని కన్నంలోంచి అడిగితే, "రేపటికి వాయిదా వేసుకుందాం కనకం. ఇవాళ శ్రోతలు ఎదురుచూస్తున్నారు," అనేవాడు. రేపు వచ్చేది గానీ పళ్లు వచ్చేవి కావు.

ఇంతలో అడవి పంచాయతీకి ఎన్నికలు వచ్చాయి. వాచస్పతికి పోటీ ఒంటి ఏనుగు ఒక్కడే. మందలోంచి ఏనాడో బయటపడ్డవాడు, ఇల్లూ వాకిలీ లేనివాడు. అది చూసి వాచస్పతిలోని వకీలు నిద్ర లేచాడు. ఆడవాళ్లకు గౌరవం పేరుతో కొత్త నిబంధన రాసి, ఎన్నికల అధికారి తాబేలును ఒప్పించాడు. అభ్యర్థిని ఆ ఇంటి ఇల్లాలే స్వయంగా వచ్చి ప్రతిపాదించాలి. ఏనుగు ఎక్కడినుంచో ఒకర్ని వెతుక్కొస్తాడేమోనని కింద ఇంకో ముక్క చేర్చాడు: వాయిదాలు లేవు.

రేడియోలో ఇది విని ఆడజీవులంతా జేజేలు కొట్టారు. ఏనుగు తొండం వేలాడేసుకుని వెళ్లిపోయాడు.

ప్రతిపాదనలకు చివరి రోజు పొద్దెక్కాక గానీ వాచస్పతికి అసలు సంగతి తట్టలేదు. ఇంట్లో ఇల్లాలుందని గుర్తుంది, ఆమెను మూసిపెట్టిన సంగతే మరిచాడు. రొప్పుతూ తానిచెట్టుకు వచ్చాడు.

"కనకం, గోడ పగలగొట్టుకుని వెంటనే బయటికి రా. మధ్యాహ్నం లోపల నన్ను ప్రతిపాదించాలి."

"పళ్లు తెచ్చారా?"

"అవి సాయంత్రం చూద్దాం."

ముక్కు కొస కన్నంలో కనపడింది.

"అలాగేనండీ. మీరు పదండి, నేను వస్తాను."

ఆయన సంతోషంగా వెళ్లిపోయాడు. తొర్రలో కూర్చున్నాక రాలిపోయిన రెక్కల ఈకలు ఆమెకు మళ్లీ వచ్చి నాలుగు రోజులైందని ఆయనకు తెలియదు. ఎప్పుడైనా అడిగితే కదా.

కనకాంగి ముక్కుతో గోడ పొడిచింది. పిల్లల్ని లోపలినుంచి మళ్లీ మట్టి మెత్తుకోమని చెప్పింది. దారిలో మేడిచెట్టు దగ్గర ఆగి, ముందు పిల్లలకు రెండుసార్లు ముక్కునిండా పళ్లు తెచ్చిచ్చి, ఆ తర్వాత పంచాయతీకి వెళ్లింది.

"ఎవరిని ప్రతిపాదిస్తున్నారమ్మా?" అన్నాడు తాబేలు.

"నన్నే."

తాబేలు నిబంధన రెండుసార్లు చదువుకున్నాడు. అభ్యర్థి ఉంది. ఆ ఇంటి ఇల్లాలూ ఉంది. స్వయంగానే వచ్చింది.

వాచస్పతి గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఈ వ్యవహారాన్ని రేపటికి..."

"కింది ముక్క మీరే రాశారు వకీలుగారూ," అన్నాడు తాబేలు.

కనకాంగి పోటీ లేకుండా నెగ్గింది. వాచస్పతి ఇప్పుడు రోజూ మేడిపళ్లు మోస్తున్నాడు. ఒకపూట ఆలస్యమైతే కన్నంలోంచి రెండు ముక్కులు ఒకేసారి అడుగుతాయి: "నాన్నా, ఇవాళా వాయిదానా?"

నీతి: ఆడవాళ్లను లోపల ఉంచి ఆడవాళ్ల స్వేచ్ఛ గురించి మాట్లాడదలచినవారు, ఆ కన్నం కూడా మూసెయ్యడం మంచిది.