వంతెన దాటి వచ్చిన తమాలేలు

మన యూమా పట్టణపు కాలిఫోర్నియా బహిష్కరణ కమిటీ అధ్యక్షుడి ఐస్ పెట్టెలో, గత ఆదివారం మధ్యాహ్నం, మొక్కజొన్న పిండిలో కూర పెట్టి ఉడికించిన ఆరు కాలిఫోర్నియా తమాలేలు దొరికాయి. ఇంకా వేడిగా ఉన్నాయి!

కంగారు పడకండి. దర్యాప్తు నేనే చేశాను. ఆ సంగతి చెప్పేముందు, ఈ బహిష్కరణ మనకెంత మేలు చేసిందో గుర్తు చేయనివ్వండి.

ఏప్రిల్‌లో మన అరిజోనా ఒక చట్టం చేసింది. దారిలో ఆపిన మనిషి మీద అనుమానం వస్తే, ఈ దేశంలో ఉండటానికి కాగితాలున్నాయా అని పోలీసులు అడగాలి. కాలిఫోర్నియా నగరాలకు ఒళ్లు మండింది. మీ సరుకు కొనం, మీ గడప తొక్కం అన్నాయి. మనం ఊరుకుంటామా? మీ సముద్రానికి మేమూ రామన్నాం. జూలైలో! నూట పదహారు ఫారన్‌హీట్ డిగ్రీల ఎండలో!

ఏటా శాన్‌డియాగో ఒడ్డున చల్లగాలి తగిలి చెడిపోతున్న మన పిల్లలు, ఈ ఏడాది పెరట్లో ప్లాస్టిక్ తొట్టిలో కూర్చుని ఆత్మగౌరవం నేర్చుకుంటున్నారు. ఆ నీళ్లతోనే కాఫీ కలుపుకోవచ్చు. గ్యాస్ ఆదా!

అవతలివాళ్ల త్యాగం మాత్రం తక్కువా? మన లెట్యూస్ ఆకుకూర ముట్టబోమని జూలైలో తీర్మానం చేశారు. అది నవంబరుకు గానీ కోతకు రాదు. లేని ఆకును మానేయడానికి ఎంత గుండె నిబ్బరం కావాలి!

పైగా, కాగితాలు అడగడం అమానుషమట. మన ఊరి నది మీది వంతెన దాటి కాలిఫోర్నియాలో దిగగానే కారు ఆపి, "పళ్లేమైనా తెస్తున్నారా?" అని ఎన్నో ఏళ్లుగా మన నిమ్మకాయలను నిలదీస్తున్నది ఎవరు? నిమ్మకాయకు జరిగిన ఆ అవమానం మీద నేను మూడు వ్యాసాలు రాశాను. మనుషుల మీద రాయడానికి చోటు చాలలేదు.

ఇక అసలు కేసు. మన కమిటీ పుట్టిందే వెండెల్ ప్రూయిట్ హోటల్ కోసం. ముప్ఫై ఏళ్లుగా కిటకిటలాడిన హోటల్ మే నెల నుంచి ఖాళీ. ఇలాగే ఉంటే సెప్టెంబరులో తలుపులు మూసేస్తానన్నాడు వెండెల్. ఇది కాలిఫోర్నియా కుట్ర అని ఏకగ్రీవంగా తేల్చి, అతన్నే అధ్యక్షుణ్ణి చేశాం. అక్కడ తినేవాళ్లలో కాలిఫోర్నియా వాళ్లు ఎందరుండేవారని ఎవరూ అడగలేదు. అడిగితే ఉద్యమం ఏమైపోవాలి? మే నుంచి బీన్స్ మాడిపోతున్నాయని మనమూ వెళ్లడం మానేశాం. అది వేరే విషయం.

ఆదివారం మీటింగులో మన కార్యదర్శి డోరీన్ సోడా కోసం వెండెల్ ఐస్ పెట్టె మూత తీసింది. ఐస్ లేదు. తువ్వాలు ఉంది. తువ్వాలులో, మొక్కజొన్న పొత్తి ఆకుల్లో చుట్టిన తమాలేలు. ప్రతిదానికీ రెండు కొసలా ముడి!

"ఇది ఎవులాలియా ముడి!" అని అరిచింది డోరీన్.

అందరం నిర్ఘాంతపోయాం. యూమాలో మరెవరూ రెండు కొసలా కట్టరు. పంతొమ్మిదేళ్లు వెండెల్ వంటింట్లో వండిన ఎవులాలియా మే నెలలో కాపురం ఎత్తేసి, నది దాటి కాలిఫోర్నియాకు వెళ్లిపోయింది. అవతలి గట్టున చర్చి పక్కన తమాలేలు అమ్ముకుంటోంది. అంటే ఇది శత్రువుల సరుకు!

"సిగ్గులేదటయ్యా వెండెల్? బీచ్ మానుకుని మేమిక్కడ వేగిపోతుంటే, నువ్వు వంతెన దాటి మెక్కొస్తున్నావా?"

"ఒకటి తిని తిట్టు డోరీన్."

"ఛీ, నేను ముట్టను." మెడ చాచి పెట్టెలోకి చూసింది. "లోపల ఆలివ్ పెట్టిందా?"

"పెట్టింది."

సాక్ష్యాన్ని పరిశీలించాలి కదా! పరిశీలించాం. ఆరింటినీ పరిశీలించాం. డోరీన్ ఆకు కూడా నాకింది.

మూతి తుడుచుకుని, గొంతు సవరించుకుని నేను అడిగాను. "ఎన్నాళ్లుగా సాగుతోంది ఈ ద్రోహం?"

వెండెల్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"మే నుంచీ. ప్రతి ఆదివారం వెళ్తున్నా. తినడానికి కాదు, వెనక్కి రమ్మని బతిమాలడానికి. రానంటోంది. 'మా ఆయనకు కాగితాలు లేవని మీకు తెలుసుగా, పనికెళ్తుంటే దార్లో ఆపితే నా గతేంటి?' అంటోంది. తిరిగొచ్చేటప్పుడు ఓ అరడజను కట్టిస్తోంది. కాలిఫోర్నియా వాళ్లు నా హోటల్ని ముంచలేదయ్యా. వాళ్లసలు ఎప్పుడొచ్చారు గనక? ఆ చట్టం కావాలని కౌంటర్ మీద సంతకాల కాగితం పెట్టింది నేను. మొదటి సంతకం నాది. రెండోది నీది. ఫ్యాన్ గాలికి ఎగిరిపోకుండా దాని మీద సాల్సా పచ్చడి గిన్నె పెట్టిందీ నేనే. ఎవులాలియా చూసింది. గిన్నె ఖాళీ అయినప్పుడల్లా నింపి, మళ్లీ అదే కాగితం మీద పెట్టి వెళ్లింది."